ఆమేన్ అన్నవాళ్లు

నర్సరీలో కవర్లకు మట్టి నింపే పని ఆడవాళ్లది. ఎర్రమట్టి, ఇసక, పశువుల ఎరువు కలిపి పోసిన కుప్ప చుట్టూ కూర్చుని, ఎడం చేత్తో నల్ల కవరు నోరు విప్పి, కుడి చేత్తో మట్టి పోసి, కవరు అడుగు నేలకేసి ఒకసారి తట్టి పక్కన నిలబెట్టాలి. తట్టకపోతే మట్టి గుల్లగా ఉండిపోయి మొక్క వాలిపోతుంది. చేతులు వాటంతటవే చేసుకుపోయే పని కనక ఊరి కబుర్లన్నీ అక్కడే తేలతాయి. ఆ పొద్దు మాత్రం ఎవరికీ కబుర్లు లేవు. అందరూ ఆశాజ్యోతి చేతుల వంకే చూస్తున్నారు.

ఆశాజ్యోతి పాడుతూ నింపుతోంది. తన వరస అయిపోయాక పక్కవాళ్ల వరస అందుకుంది. అదీ అయిపోయాక లేచి, నింపిన కవర్లను మోసుకుపోయి నీడకు కట్టిన పచ్చ నెట్టు కింద సర్ది, మళ్లీ పరుగున వచ్చి కూర్చుంది. చెమటకు జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. పెదాలు ఎండి పగిలాయి. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

“ఏసమ్మక్కా, మీ కోడలు మనిషా, మిషనా అండి?” అంది వీరమ్మ. “పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా ముట్టలేదు.”

“ఉపవాసంలో ఉంది” అంది ఏసమ్మ, తల ఎత్తకుండానే. ఆ మాటలోని గర్వం కుప్ప చుట్టూ కూర్చున్న అందరికీ వినిపించింది. వినిపించాలనే అంది.

ఏసమ్మ ఆ పేట చర్చిలో బైబిలు స్త్రీ. ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పడం, మంచాన పడ్డవాళ్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించడం ఆమె పని. దాంతో పొట్ట గడవదు కనక మిగతా వేళల్లో దొరబాబుగారి నర్సరీలో కూలి. పిల్లకు జ్వరం వచ్చినా, గేదె పాలివ్వకపోయినా పాస్టరుగారికన్నా ముందు ఏసమ్మకే కబురు వెళ్లేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. చంకలో బైబిలు పెట్టుకుని పేటలో నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లకు కూడా తెలిసేలా నడిచేది.

అలాంటి మనిషి ఇంట్లో కోడలు మాత్రలు మింగుతూ ఉండడం ఆమెకు మింగుడుపడలేదు. మనవరాలు కెజియా పుట్టాక ఆశాజ్యోతి గోడవైపు తిరిగి పడుకుని, బిడ్డ ఏడ్చినా ఇటు తిరిగేది కాదు. కొడుకు ఐజాకు పెళ్లాన్ని కాకినాడ తీసుకెళ్లి చూపించాడు. మాత్రలతో మనిషి లేచి తిరిగింది. నేను చెప్పేదాకా ఆపకండని డాక్టరుగారు మరీ మరీ చెప్పి పంపారు. అయితే ఊళ్లో అందరి జబ్బులకూ ప్రార్థించే ఏసమ్మగారి కోడలికి కాకినాడ మందులేమిటని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఏసమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

నయమైందని నమ్మినవాళ్లు తమ మందులు తెచ్చి కానుకల పళ్లెంలో వేయడం ఆ చర్చిలో ఈమధ్య వచ్చిన ఆచారం. బీపీ మాత్రలు వేశారు, గ్యాసు మాత్రలు వేశారు, ఒకాయన కళ్లజోడు కూడా వేసి మర్నాడొచ్చి గుట్టుగా పట్టుకుపోయాడు. మందులు వేసినంత మాత్రాన సరిపోదు. జబ్బు పోయిందని రుజువయ్యాక ఒక ఆదివారం ఇద్దరు లేచి సాక్ష్యం చెప్పాలి. నయమైన మనిషి మొదట చెప్పాలి. ఆ తర్వాత, ప్రార్థించిన మనిషి నిలబడి అవునని ఒప్పుకోవాలి. ఇద్దరు సాక్షుల నోట గాని ఏ మాటా స్థిరపడదని అయ్యగారి నియమం. అయ్యగారంటే పాస్టరుగారే, పేటలో అందరూ అలాగే పిలుస్తారు.

ఈస్టరు ముందు శుక్రవారం ఏసమ్మ కోడల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మాత్రలు పళ్లెంలో వేయించింది. అప్పటికి కాలువలు కట్టేసి ఉన్నాయి. ఎండల్లో ఏమీ జరగలేదు. ఇదిగో, తొలకరి చినుకులు పడ్డాక ఈ వారంలో ఆశాజ్యోతి ఒక్కసారి వికసించింది. నవ్వుతోంది, పాడుతోంది, నిద్ర అక్కర్లేదంటోంది. దేవుడు తన ప్రార్థన విన్నాడని ఏసమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చే ఆదివారమే సాక్ష్యమన్నారు అయ్యగారు.

మధ్యాహ్నం దొరబాబుగారి ఆఫీసుగదికి ఫోనొచ్చింది. చేసింది ఐజాకు. నాగపూరు దాటాడట. లారీలో మొక్కలతో పాటు వెళ్లి దారంతా వాటికి నీళ్లు పెట్టి, దించేదాకా కాచుకునే పని అతనిది. దొరబాబు రిసీవరు ఏసమ్మకు ఇచ్చి బయటికెళ్లాడు. ఆమె ‘నాయనా’ అనేలోగా ఆశాజ్యోతి లాక్కుంది. ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. తాను ప్రార్థిస్తే కాలు రానివాళ్లు నడుస్తున్నారని చెప్పింది, కెజియా పెద్దయ్యాక పడమటి దేశాల్లో వాక్యం చెబుతుందని చెప్పింది, ఆ మాటకు తనే పగలబడి నవ్వింది. మళ్లీ రిసీవరు ఏసమ్మ చేతికొచ్చేసరికి ఐజాకు అవతల ముక్కు చీదుతున్నాడు.

“అమ్మా, అది అలా నవ్వి ఎన్నాళ్లయిందే! అంతా నీ ప్రార్థనే.”

“దేవుడిదిరా” అంది ఏసమ్మ. ఎప్పుడూ అనే మాటే. నోటికి అదే వచ్చింది.

ఫోను అయిపోగానే ఆశాజ్యోతి, నెట్టు నీడలో ఆడుకుంటున్న కెజియాని ఎత్తుకుని ముందే వెళ్లిపోయింది. పని దిగి ఏసమ్మ ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం. పై ఊళ్లనుంచి కూడా వచ్చారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, తాగుబోతు మొగుళ్లని బలవంతంగా లాక్కొచ్చినవాళ్లు. ఏసమ్మ అలవాటు ప్రకారం కొంగు తల మీదికి లాక్కుని ముందుకెళ్లింది. ఒక ముసలావిడ ఆమెను పక్కకి తప్పించి, “మీరు కాదమ్మా, మీ కోడలుగారు” అంది.

ఏసమ్మ పక్కకి తప్పుకుంది. గుండెల్లో ఎక్కడో చిన్న ముల్లు దిగింది. సొంత కోడలి మీద ఇదేం బుద్ధి అని తనని తనే తిట్టుకుంది.

వంటింట్లోకి వెళ్లి చూస్తే బియ్యం డబ్బా ఖాళీ. ఉన్నదంతా వండి వచ్చినవాళ్లకు పెట్టేసినట్టుంది. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. కెజియా పొయ్యి పక్కన నేల మీద కూర్చుని తన గౌను అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. అప్పుడప్పుడే అడుగులేస్తున్న పిల్ల. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి మానేసిన పిల్లలా ఉంది.

“పిల్లకేం పెట్టావమ్మాయ్?” అనడిగింది, జనం పలచబడ్డాక.

“కెజియా నాతో పాటు ఉపవాసం అత్తయ్యా” అంది ఆశాజ్యోతి. చెప్పిన తీరు ఎంత హాయిగా ఉందంటే, పిల్లకు కొత్త గౌను కుట్టించానని చెప్పినట్టుంది. “ప్రభువు నిన్న చెప్పాడు. దాని కడుపు ఖాళీ చేస్తే అందులో ఆత్మ నిండుతుందట.”

గుమ్మంలో ఇంకా నిలబడ్డ ఆడవాళ్లు, “ఆమేన్” అన్నారు.

ఏసమ్మ వాళ్ల వంక చూసింది. అందరూ తనకు తెలిసినవాళ్లే, అందరూ పిల్లల తల్లులే. వాళ్ల ఇళ్లల్లో ఈపాటికి పిల్లలు అన్నం తిని ఆడుకుంటూ ఉంటారు. మనవరాల్ని చంకనేసుకుని, ఊరికే తిప్పుకొస్తానన్నట్టు వీరమ్మ ఇంటికి వెళ్లింది. వీరమ్మ అన్నంలో పాలు కలిపి పెట్టింది. పిల్ల ముద్ద నమలకుండా మింగుతుంటే వీరమ్మ వీపు నిమిరింది.

“ఏమనుకోకండక్కా. మా పెదనాన్న కూతురు తలుపులమ్మకి ఇలాగే వచ్చింది. అమ్మవారు పూనిందని మావాళ్లు పసుపునీళ్లు పోసి, చీరలు పెట్టి కాళ్ల మీద పడ్డారు. ఆయ్, నేనూ పడ్డాను.”

“ఆ తర్వాత?”

“తర్వాతేముందండి, మనిషే లేదు.” వీరమ్మ గిన్నె ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మీ పూనకం వేరు, మా ఆత్మ వేరు అని ఏసమ్మ అనబోయింది. ఇంకో రోజైతే అనేదే, పైగా వాక్యం కూడా ఎత్తి చెప్పేది.

మర్నాటి నుంచీ ఏసమ్మ నర్సరీకి వెళ్లినా, నీళ్లకు వెళ్లినా పిల్లని చంక దించలేదు. వీరమ్మ ఇంట్లో దొంగచాటుగా తినిపించి, మూతి తుడిచి తీసుకొచ్చేది. దేవుడికి ఎదురు వెళ్తున్నానా అని ఒక గంట, కోడలి మీద అసూయతో ఇలా చూస్తున్నానా అని ఒక గంట నలిగిపోయింది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిద్దామని దగ్గరికెళితే ఆశాజ్యోతి కణతలు చేతికి టపటప తగిలాయి, ఒళ్లంతా ఎండలో పెట్టిన ఇత్తడి బిందెలా ఉంది. మంచాన పడ్డవాళ్లని ఎంతమందిని తాకింది ఆ చెయ్యి! ఇది స్వస్థత పొందిన ఒళ్లు కాదని చేతికి తెలిసిపోయింది. మనసే ఒప్పుకోలేదు.

శుక్రవారం కాలువ వదిలారు.

ఏటా అదొక పండగే. ఎండాకాలమంతా బీటలువారి, మేకలు తిరిగిన కాలువలోకి ధవళేశ్వరం నుంచి నీళ్లొస్తాయి. ముందు నురగ, చెత్త, ఎండుటాకులు కొట్టుకొస్తాయి, వెనకే ఎర్రటి నీళ్లు. పిల్లలు గట్టు వెంట నీళ్లతో పందెం వేసి పరిగెడతారు. సాయంత్రానికి కాలువ అంచులదాకా నిండి, చప్పుడు లేకుండా, బరువుగా సాగిపోతోంది.

పని దిగి వస్తున్న ఆడవాళ్లంతా గట్టు మీద ఆగారు. ఆశాజ్యోతి రేవు మెట్ల దాకా దిగి నిలబడింది. అందరూ మాట్లాడుకుంటున్నారు, ఆమె ఒక్కతే మాట్లాడలేదు. వారం రోజులుగా ఆగని నోరు ఆగిపోయేసరికి ఏసమ్మకు మరీ భయం వేసింది.

“జ్యోతీ, పైకి రామ్మా.”

“ఇందుకన్నమాట నీళ్లొచ్చింది” అంది ఆశాజ్యోతి. వెనక్కి తిరిగి అందర్నీ చూసి నవ్వింది. “ఆదివారం సాక్ష్యం అయ్యాక అందరూ ఇక్కడికి రండి. కెజియాని ఎత్తుకుని ఈ రేవు నుంచి ఆ రేవుకి నీళ్ల మీద నడుస్తాను. పేతురు సందేహించాడు కాబట్టి మునిగాడు. నేను సందేహించను. పిల్లకి సందేహం అంటే ఏంటో తెలీదు.”

“స్తోత్రం!” అందొకావిడ. “స్తోత్రం, స్తోత్రం” అన్నారు మిగతావాళ్లు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆశాజ్యోతి వాళ్లని ఒక్కొక్కళ్లనీ పరకాయించి చూసింది. ఏదో అడుగుతున్నట్టుంది ఆ చూపు. అదేమిటో అప్పుడు ఏసమ్మకు అర్థం కాలేదు. చంకలో పిల్లని ఇంకా గట్టిగా అదుముకుంది. ఊపిరాడక పిల్ల గింజుకుంది.

శనివారం పొద్దున్నే ఆమె అయ్యగారింటికి వెళ్లింది. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ప్రసంగం రాసుకుంటున్నారు. మంచి మనిషి. ఎవరింట చావైనా పాడె పట్టేవారు. ఖాళీ చాపలకు ప్రసంగాలు చెప్పి చెప్పి విసిగిన మనిషి కూడా. ఈ వారం శుక్రవారపు కూటానికి జనం పట్టక బయట పందిరి వేయించారు.

“వందనాలండి అయ్యగారూ. మా కోడల్ని కాకినాడ తీసుకెళ్దామనుకుంటున్నానండి.”

ఆయన కలం మూతపెట్టారు. “అదేంటండి ఏసమ్మగారూ! మందులు పళ్లెంలో వేయించింది మీరే కదా?”

“నేనేనండి.”

“మరి మీరే సందేహిస్తే మిగతావాళ్ల విశ్వాసం ఏం కావాలండి?”

“పిల్లకి అన్నం పెట్టనివ్వడం లేదండి. కాలువ మీద నడుస్తానంటోంది, పిల్లనెత్తుకుని.”

“విన్నాను. ఆత్మ నిండినప్పుడు అలాంటి మాటలు వస్తూంటాయి. నేనున్నాను కదా! అందరం పాడుకుంటూ రేవు దాకా వెళ్లి, ప్రార్థన చేసి వచ్చేస్తాం.” ఆయన కాస్త ఆగి, మెత్తగా, నొప్పించకుండా అన్నారు. “ఏమనుకోకండి. ఇన్నాళ్లూ అందరూ మీ దగ్గరికి వచ్చేవారు. ఇప్పుడామె దగ్గరికి వెళ్తున్నారు. ఎవరికైనా కష్టంగానే ఉంటుందండి. దాని గురించి కూడా ప్రార్థించుకోండి.”

ఏసమ్మ ముఖం వేడెక్కిపోయింది. ఆయనన్న దాంట్లో నిజం లేకపోలేదు. వందనాలని వెనక్కి తిరిగింది. మెట్లు దిగుతుంటే అయ్యగారి భార్య దేవకుమారమ్మగారు గిన్నెలు కడుగుతున్నవారల్లా చెయ్యి ఆపి చూశారు. మొగుడు వినకుండా, “రేపు మీరు అవునంటేనేనండి అది సాక్ష్యం” అని, మళ్లీ గిన్నెల మీదికి వంగిపోయారు.

ఆ రోజంతా ఏసమ్మ ఆలోచించింది. ఐజాకు ఏ ఊళ్లో ఉన్నాడో దొరబాబుగారికీ తెలియదు. కోడల్ని బలవంతంగా బస్సెక్కిద్దామంటే వాకిట్లో జనం, అందరూ ఆమె పక్షం. గదిలో పెట్టి గొళ్లెం పెడితే తలుపు బద్దలుకొట్టి తీస్తారు. ఇక మిగిలింది తన నోరు ఒక్కటే. ఆ నోటితోనే ఇన్నేళ్లూ బతికింది. రేపు ఒక్క మాట అంటే ఇక ఏ గుమ్మంలోకీ ప్రార్థనకు పిలవరు. అయినా కాలువ ఆగదు కదా, రేపటికి ఇంకా నిండుతుంది.

ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. ఏసమ్మ పిల్లని వీరమ్మకిచ్చి బయట వేపచెట్టు కింద ఉండమంది. ఎవరడిగినా ఇవ్వొద్దంది. చర్చి గడప ఎప్పుడూ తొక్కని వీరమ్మ పొద్దున్నే స్నానం చేసి వచ్చింది.

ఆశాజ్యోతి తెల్లచీర కట్టుకుని లేచింది. ఎంత బాగా మాట్లాడిందో చెప్పలేం. గోడవైపు తిరిగి పడుకున్న రోజుల గురించి చెబుతుంటే ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. మగవాళ్లు తలలు వంచుకున్నారు. ఏసమ్మకు కూడా ఏడుపొచ్చింది, ఆ మాటల్లో అబద్ధం లేదు మరి. అంతలో మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరిగెత్తడం మొదలుపెట్టాయి. నీళ్లు, పేతురు, కెజియా, అవతలి రేవు. ప్రతి మాటకీ చర్చంతా ఆమేన్ అంటోంది. అన్నప్పుడల్లా ఆశాజ్యోతి గొంతు ఇంకొంచెం పైకి వెళ్తోంది.

“కెజియా ఎక్కడ? నా బిడ్డని తెండి!”

“ముందు రెండో సాక్ష్యం అవనివ్వమ్మా” అన్నారు అయ్యగారు నవ్వుతూ. “ఏసమ్మగారూ, లేవండి. మీ ప్రార్థనకి దేవుడు జవాబిచ్చాడు. అవునని చెప్పండి, చాలు.”

ఏసమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఎప్పుడూ వాక్యంతో మొదలుపెట్టే మనిషి, ఆరోజు ఒక్క వాక్యం గుర్తు రాలేదు.

“లేదండి” అంది.

వినపడలేదనుకుని అయ్యగారు ముందుకి వంగారు.

“లేదండి. నా కోడలికి నయం కాలేదు. నా ప్రార్థన వల్ల నయం కాలేదు. మాత్రలు మాన్పించింది నేను. పదిమందిలో నా పేరు నిలబెట్టుకోవడానికి మాన్పించాను. పిల్ల నాలుగు ముద్దలు తిని బతుకుతోందంటే అది వీరమ్మ పెట్టిన అన్నం. మీరెవరూ కాలువ దగ్గరికి రావద్దు. ఇవాళ నా కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.”

మగవాళ్ల వైపు నుంచి గుసగుస లేచింది. అసూయ అన్న మాట ఏసమ్మ చెవిన పడింది. అయ్యగారు గబగబా ఒక పాట ఎత్తుకున్నారు, ఎవరూ అందుకోలేదు.

ఆశాజ్యోతి ఆడవాళ్లను దాటుకుంటూ అత్తగారి మీదికి వచ్చింది. కొడుతుందేమోనని ఒకరిద్దరు లేచారు. కొట్టలేదు. రెండు చేతులతో ఏసమ్మ భుజాలు పట్టుకుంది. ఆ చేతులు అంత బిగువుగా ఉన్నా, గొంతు మాత్రం చాలా రోజుల తర్వాత మామూలు మనిషి గొంతులా వచ్చింది.

“ఎవరైనా అంటారేమోనని చూస్తూనే ఉన్నాను అత్తయ్యా. ఏం చెప్పినా ఆమేన్ అన్నారు. పిల్లకి అన్నం పెట్టనన్నాను, ఆమేన్ అన్నారు. నీళ్ల మీద నడుస్తానన్నాను, ఒక్కళ్లయినా వద్దనలేదు. ఇంక నడవాలి కాబోలు అనుకున్నాను.”

వెనక వరసలో చెవులు సరిగా వినపడని ముసలాయన ఒకాయన, సాక్ష్యం అయిపోయిందనుకుని, “ఆమేన్” అన్నాడు.

ఎవరూ ఆయన వైపు తిరగలేదు. ఏసమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. దారి ఇచ్చారు గాని ఎవరూ ముఖం ఎత్తి చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే దేవకుమారమ్మగారు వచ్చి ఆశాజ్యోతి చెప్పులు తీసి కాళ్ల దగ్గర పెట్టారు.

కాకినాడ బస్సు కాలువ గట్టు మీదనే వెళ్తుంది. కడియం, ద్వారపూడి, అనపర్తి దాటినా కాలువ పక్కనే ఉంటుంది. ఏసమ్మ కోడల్ని కిటికీ దగ్గర కాకుండా లోపలి వైపు కూర్చోబెట్టింది. తను దారికీ కోడలికీ మధ్య మోకాళ్లు అడ్డం పెట్టి నిలబడింది. వెనక సీట్లో వీరమ్మ ఒళ్లో కెజియా నిద్రపోతోంది. మొదట్లో ఆశాజ్యోతి కళ్లు మూసుకుని కూర్చుంది. గండం గడిచిందని ఏసమ్మ ఊపిరి పీల్చుకుంది. కడియం దాటగానే మళ్లీ ఆ మెరుపు కళ్లల్లోకి వచ్చేసింది. పెద్దగా పాట మొదలుపెట్టింది, బస్సంతా తిరిగి చూసింది. పాట మధ్యలో ఆపి అత్తగారి మణికట్టు గోళ్లతో పట్టుకుంది.

“మీరు అందరిముందూ అబద్ధం చెప్పారు. నాకు నయమైంది. నయమైందని చెప్పండి.”

చర్చిలో పలికిన గొంతు ఎక్కడికి పోయిందో తెలియలేదు. అది మళ్లీ వస్తుందో రాదో ఏసమ్మకు తెలియదు, చెప్పగలిగేవాళ్లు కాకినాడలో ఉన్నారు. గోళ్లు దిగి చెయ్యి మండుతోంది. అవుననేస్తే కోడలు కాసేపు నిమ్మళంగా కూర్చుంటుంది, అదీ తెలుసు.

“లేదమ్మా” అంది.

“ప్రార్థన చేసింది మీరే కదా! చెప్పండి!”

“లేదు తల్లీ.”

కాకినాడ వచ్చేదాకా ఆశాజ్యోతి తిడుతూ, బతిమాలుతూ, ఏడుస్తూ అడుగుతూనే ఉంది. ఏసమ్మ చెయ్యి వెనక్కి తీసుకోకుండా, అడిగిన ప్రతిసారీ లేదనే చెబుతూ నిలబడింది.